తాడు చివర నిలబడే మనిషి

ఆటల రోజు ఏర్పాట్ల గురించి మీటింగులో ఉండగా ఫోన్ మోగింది. చూస్తే అక్క కూతురు. బయటికి వచ్చి ఎత్తాను. "అమ్మ పోయిట్టాంగ ఆంటీ," అంది తమిళంలో, అమ్మ చనిపోయిందని. ఆ వెంటనే, "మీకు తెలుగులో సెప్పాలనుకున్నాను, రాలేదు," అని ఏడ్చింది. నేను కూడా ఏదో అన్నాను. ఏమన్నానో ఇప్పుడు గుర్తు లేదు. తిరిగి గదిలోకి వెళ్ళేసరికి మా జపాన్ మేనేజరు తెల్లబోర్డు ముందు నిలబడి, తాడు లాగే పోటీలో అసెంబ్లీ లైన్ జట్టుకు ఈసారి చివర ఎవరు నిలబడతారని ఎంతో మర్యాదగా అడుగుతున్నాడు. ఆయన ఈ ఏడే వచ్చాడు, ఆయనకేం తెలుసు? తెలిసినవాళ్ళందరం తలలు వంచుకుని బల్ల వైపు చూస్తూ కూర్చున్నాం.

మాది మలేషియాలో క్లాంగ్ పక్కన ఫ్యాన్ మోటార్లు తయారుచేసే జపాన్ కంపెనీ. నేను అందులో హెచ్చార్ మనిషిని. సెలవుల తగవులు, హాస్టల్లో నీళ్ళు రాని గొడవలు, కాంటీన్ కూరలో ఉప్పెక్కువైందన్న ఫిర్యాదులు, ఇవన్నీ నా వాటా. జపాన్‌లో అక్టోబరు రెండో సోమవారం ఆటలకీ ఆరోగ్యానికీ కేటాయించిన పండగ. ఎప్పుడో వాళ్ళ టోక్యోలో ఒలింపిక్స్ మొదలైన రోజుకు గుర్తుగా పెట్టుకున్నారట. ఆ రోజు దేశమంతా సెలవు. మలేషియాలో మనకు సెలవులకేమీ కరువు లేదుగానీ ఆ ఒక్క సెలవు మాత్రం లేదు. అందుకని మా కంపెనీవాళ్ళు మధ్యేమార్గం కనిపెట్టారు. ఆ సోమవారం పొద్దున్న మిషన్లు ఆపేసి అందరినీ వెనక మైదానంలోకి తోలి, మధ్యాహ్నం దాకా పరిగెత్తిస్తారు. నాకు ఆటలంటే గిట్టదు. ఎండలో నిలబడి ఈల ఊదడమంటే మరీ గిట్టదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ ఈల నా మెడలోనే వేలాడుతోంది.

అక్క నాకు చుట్టం కాదు. ఫ్యాక్టరీలో ఆవిడ పేరు జీతాల కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా వినపడేది కాదు. మలయ్ పిల్లలకు కాక్, నేపాల్ నుంచీ బంగ్లాదేశ్ నుంచీ వచ్చిన కుర్రాళ్ళకు దీదీ, నాకు అక్క. తెలుక్ ఇంటాన్ అవతల ఎస్టేటులో పుట్టి, పెళ్ళయ్యాక క్లాంగ్ వచ్చి, భర్త పోయాక ఈ ఫ్యాక్టరీలో లైన్ మీద నిలబడిన మనిషి. ఒడ్డూ పొడుగూ ఉండేది. నడిస్తే ముందు భుజాలు వచ్చేవి, ఆ తర్వాత తక్కిన మనిషి వచ్చేది.

నేను కౌలాలంపూర్‌లో తెలుగు సంఘంవాళ్ళు ఆదివారం పూట నడిపే తరగతుల్లో అక్షరాలు దిద్దినదాన్ని. మా తాత ఎస్టేటులో గుమస్తా కాబట్టి మా ఇంట్లో కాస్త కాలర్ సర్దుకుని మాట్లాడే తెలుగే నడిచేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ ఎవరినో తెలుగులో తిట్టడం విని పరమానందపడిపోయి దగ్గరికి వెళ్ళాను.

"మీరు తెలుగువాళ్ళా అండీ?" అన్నాను.

"మీరంటే ఎవులు సెల్లీ? నా ఎనకాల ఇంకెవులైనా ఉన్నారేటి?" అని నిజంగానే వెనక్కి తిరిగి చూసింది. నేను తెల్లబోయాను. ఆవిడ నవ్వి నా భుజం మీద ఒకటి వేసింది. ఆ భుజం రెండు రోజులు నొప్పి పెట్టింది. "నీది టీవీ తెలుగు లా. బాగుంటాది. ఇంటే నిద్దరొస్తాది," అంది. మాట చివర లా అనడం మలేషియాలో అందరికీ ఊతపదం.

ఆ తర్వాత నేను మీరు అనలేదు.

నా గదికి ఎప్పుడు వచ్చినా కుర్చీలో కూర్చునేది కాదు. తలుపుకు ఆనుకుని నిలబడి, "ఒక్క మాట సెల్లీ," అని మొదలుపెట్టేది. ఆ ఒక్క మాట అరగంట నడిచేది. తన గురించి ఎప్పుడూ కాదు. నేపాల్ అబ్బాయికి వాళ్ళమ్మకు బాగాలేదని సెలవు కావాలి, ఒక మలయ్ అమ్మాయికి నెల తప్పింది, బరువులెత్తే పని నుంచి మార్చాలి, ఇలాంటివి. నేను రూల్సు చెబితే అన్నీ ఓపిగ్గా విని, "అయితే ఎప్పుడు మారుస్తావు?" అనేది.

జపాన్ మేనేజర్లు మూడేళ్ళకో నాలుగేళ్ళకో మారిపోతుంటారు. వచ్చిన ప్రతివాడికీ అక్క నడుము దాకా వంగి దణ్ణం పెట్టేది. వంగినచోటే పెదవులు కదలకుండా తెలుగులో, "బుగ్గలు సూడు సెల్లీ, ఆపిల్ కాయలు," అనేది. నేను పక్కన నిలబడి నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. వెళ్ళిపోయే రోజు ఆ మేనేజర్లందరూ ఆవిడతో ఫోటో దిగి వెళ్ళేవాళ్ళు. నాతో ఎవరూ దిగలేదు.

పొద్దున్న షిఫ్టు మొదలయ్యే ముందు స్పీకర్లో పియానో పాట వేసి అందరిచేతా కసరత్తు చేయించడం జపాన్ కంపెనీల ఆచారం. అసెంబ్లీ లైన్‌కు అక్కే పంతులమ్మ. చెక్క ప్యాలెట్ మీదికెక్కి, జడపిన్ను పళ్ళ మధ్య పట్టుకుని ముడి బిగించి, అప్పుడు చేతులు పైకెత్తేది. "ఇచి, ని, సాన్, షి," అని లెక్క పెడుతుంటే అది జపాన్ భాషలా కాక వరి నాట్లప్పటి పాటలా సాగేది. వంగమన్నప్పుడు వంగనివాళ్ళను పేరు పెట్టి పిలిచేది. మేనేజరైనా సరే. కసరత్తు అయ్యాక దిగివచ్చి లైన్లో మొదటి మిషన్‌ను అరచేత్తో చరిచి, "లెగిసినావేటి?" అని పలకరించేది. అది ఆ తర్వాతే ఆన్ అయ్యేది.

ఆరోగ్యం గురించి అందరికీ అంత చెప్పే మనిషికి చక్కెర జబ్బు ఉంది. మా అమ్మదీ అదే జబ్బు కాబట్టి నాకు ఆ సంగతి కనిపెట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. విరామం గంట కొట్టగానే గేటు బయట బండి దగ్గర తె తారిక్, అంటే డబ్బా పాలు పోసి నురగ వచ్చేలా తిరగబోసే టీ, కట్టించుకునేది. ప్లాస్టిక్ సంచీలో పోసి, మూతికి దారం కట్టి ఇస్తారు చూడండి, ఆ సంచీని చూపుడు వేలికి తగిలించుకుని, గొట్టంతో పీలుస్తూ లైన్ దాకా నడిచి వచ్చేది. డబ్బా పాలు మామూలుకన్నా ఒక గరిటె ఎక్కువ పోయమనేది. నేను చూస్తే సంచీని వెనక్కి దాచేది కాదు, నాకే చూపించి, "నాలుగింటికి లెగిసినదాన్ని లా, ఇదీ నేకపోతే ఎలాగ?" అనేది. నాలుగింటికి లేచి వంట చేసి, రెండు బస్సులు మారి వచ్చే మనిషితో ఏం వాదిస్తాను?

సరే, అసలు సంగతికి వస్తాను. సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు సగం దాకా నడిచే తమిళుల పెరటాసి నెల వచ్చిందంటే మా మలేషియా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో నీచు పాత్రలు అటకెక్కుతాయి. శనివారం శనివారం పెరుమాళ్ళ గుడి దగ్గర కారు పెట్టడానికి చోటుండదు. మేమంతా ఆ నాలుగు శనివారాలు ఒంటిపూట ఉండి మొక్కు చెల్లిందనుకుంటాం. అక్కది అలా కాదు. నెల పొడుగునా రోజూ ఒంటిపూటే. పొద్దున్న తులసి నీళ్ళు, సాయంత్రం దీపం పెట్టాక కాస్త అన్నం, పప్పు, ఆకుకూర. తీపి లేదు, తె తారిక్ లేదు, గేటు బయట బండివైపు చూడను కూడా చూసేది కాదు. ఉపవాసంలో మందు ముట్టకూడదని చక్కెర మాత్రలూ మానేసేది.

అక్టోబరు రెండో సోమవారం ఎప్పుడు పడినా పెరటాసిలోనే పడుతుంది. ఆ రోజు ఆటలకు ముందు, నలభై దాటినవాళ్ళందరికీ మా క్లినిక్ మిస్సీ వేలు పొడిచి చక్కెర చూస్తుంది. చూశాకే మైదానంలోకి వదులుతుంది. మిస్సీ అంటే ఇక్కడ నర్సు. మా మిస్సీ తలకు గుడ్డ చుట్టుకునే మలయ్ ఆవిడ, కోపం తెలియని మనిషి. మూడు వారాలు గాలి తిని బతికిన ఒంట్లో, అదీ పరగడుపున, చక్కెర ఎంతుంటుంది? ప్రతి ఏడూ అక్క నెంబరు నాకన్నా బాగా వచ్చేది. మిస్సీ బాగుందనేది. అక్క వేలు చప్పరించుకుంటూ నా దగ్గరికి వచ్చేది.

"సూసినావా సెల్లీ? పెరుమాళ్ళు రాసిచ్చినాడు. ఇంక ఏడాది దాకా నన్ను ఎవులూ ఏటీ అనకూడదు."

నిజంగానే ఏడాది దాకా ఎవరి మాటా వినేది కాదు. పండగ వెళ్ళగానే తె తారిక్ సంచీ మళ్ళీ వేలికి వేలాడేది. మాత్రలు వేసుకున్నావా అంటే, "నెంబరు బాగుంటే మందేల?" అనేది. గవర్నమెంటు క్లినిక్‌లో గడిచిన మూడు నెలల సంగతి చెప్పే రక్తపరీక్ష ఒకటుంది, పద, నేను తీసుకెళ్తానంటే, "పాత సంగతులు తవ్వడం దేనికి లా?" అని నవ్వేసింది. ఏడాది మొత్తంలో ఆవిడ ఒంట్లో చక్కెర తగ్గేది ఆ నెలలోనే. ఏడాది మొత్తంలో కంపెనీ చక్కెర చూసేదీ ఆ నెలలోనే. దేవుడి నెలా జపాన్ పండగా కూడబలుక్కుని వచ్చి ఆవిడ కళ్ళకు గంతలు కట్టాయి.

నేను ఊరుకోలేదు. ఆరోగ్య పరీక్షను జనవరికి మార్చమని అప్పటి మేనేజర్ని అడిగాను. కారణం కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఆరోగ్యం పండగ రోజున కాకుండా ఇంకో రోజు పరీక్ష పెడితే దానికి అర్థం ఏముంటుంది?" అని నన్నే అడిగాడు. అయినా మంచివాడు, హెడ్డాఫీసుకు రాశాడు. అన్ని దేశాల్లోనూ అదే రోజు జరుగుతోంది, మీకొక్కరికీ మార్చలేమని వాళ్ళు రాశారు. ఇక పెరుమాళ్ళకు రాసి నెల మార్పించడం నా వల్ల కాదు కదా.

తాడు సంగతి చెప్పాలి. మా ఆటల్లో అన్నిటికన్నా చివర తాడు లాగే పోటీ. అసెంబ్లీ లైన్ ఒక వైపు, గోడౌనువాళ్ళు ఒక వైపు. గోడౌనులో అందరూ మూటలు మోసే మగవాళ్ళు. మా వైపు సగం ఆడపిల్లలు. అయినా ఎప్పుడూ మావాళ్ళే గెలిచేవాళ్ళు, ఎందుకంటే మా తాడు చివర అక్క ఉండేది. బూట్లు తీసేసి, తాడు కొసను నడుముకు ఒక చుట్టు చుట్టి, మడమలు నేలలోకి దింపి, ఆకాశం వైపు చూస్తూ వెనక్కి వాలేది. "ఐలేసా!" అని అరిచేది. ఆ అరుపుకు మలయ్, నేపాలీ, బంగ్లా, చైనా పిల్లలందరూ ఒక్క ఊపున లాగేవాళ్ళు. అదేం మాటో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. "ముందున్నోళ్ళు లాగుతారు సెల్లీ. ఎనకున్నోళ్ళు లాగక్కర్నేదు. కదలకుండా నిలబడాల, అంతే," అని నాకు పాఠం చెప్పేది. ఫ్యాక్టరీలో ఏదీ ఆవిడది కాదు, మిషన్ కంపెనీది, వేళ గంటది, మాట సూపర్‌వైజరుది. ఆ తాడు చివర మాత్రం ఆవిడది. అది నేను ఎంత విసుక్కున్నా ఒప్పుకోవలసిందే.

కిందటేడు కాదు, అంతకు ముందేడు కూడా అలాగే గెలిచారు. పిల్లలు ఆవిడను చుట్టుముట్టి గెంతుతున్నారు. నేను ఈల జేబులో వేసుకుని నీడకు వెళ్ళబోతూ గడ్డి మీద ఎర్రటి అడుగులు చూశాను. అడుగులు అక్క దగ్గరికి వెళ్ళాయి.

"అక్కా, కాలు చూపించు," అన్నాను.

"ఏటైంది?" అని లాడానికి గుర్రం కాలు ఎత్తినట్టు పాదం వెనక్కి ఎత్తింది. అరికాలిలో చిటికెన వేలి కింద ఒక స్క్రూ తల దాకా దిగి ఉంది. మా మోటార్లకు బిగించే స్క్రూయే. ఎవరి బూటు అడుగున అంటుకునో మైదానంలోకి వచ్చి ఉంటుంది. అక్క దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పీకి, వెలుగులో పెట్టి చూసి, "మన లైన్‌దే లా," అని పకపకా నవ్వింది.

"నొప్పి లేదా?"

"నేదే."

పిల్లలు చప్పట్లు కొట్టారు. మేనేజరు వచ్చి ఆవిడ ముందు వంగి, గొప్ప ఓర్పు అన్నాడు. అక్క మొహం వెలిగిపోయింది. నేను మిస్సీని కేకేశాను. మిస్సీ మోకాళ్ళ మీద కూర్చుని గాయం కడుగుతూ, ఆవిడకు వినపడకుండా నాతో మలయ్‌లో, "నొప్పి లేకపోవడమే దీని జబ్బు," అంది. ఆ మాట నాకు కొత్త కాదు. మా అమ్మ పాదాలు నాకు గుర్తున్నాయి.

ఆ పుండు దీపావళి దాటినా మానలేదు. క్రిస్మస్‌కు పైపైన మూతపడింది. కిందటేడు వానల్లో మళ్ళీ విచ్చుకుంది. పెరటాసి మొదలయ్యేసరికి చిటికెన వేలూ పక్క వేలూ నల్లబడ్డాయి. అప్పటికి నాకు తెలిసింది. అదీ ఆవిడ చెబితే కాదు, లైన్లో ఎవరో వాసన వస్తోందని ఫిర్యాదు చేస్తే.

నేనే కారులో గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, చాలా ఓపిగ్గా చెప్పింది. రేపే రెండు వేళ్ళు తీసేయాలి, ఆలస్యమైతే వేళ్ళతో పోదు, కాలి దాకా వస్తుంది అంది. అక్క అంతా విని, "సోమారం తరవాత వస్తాను," అంది మలయ్‌లో. డాక్టరమ్మ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. అక్క మళ్ళీ అదే అంది. బలవంతాన పడుకోబెట్టి కోయలేరు కదా. మందులు రాసిచ్చి, జ్వరం వస్తే ఆ నిమిషమే రమ్మని పంపేసింది.

లిటిల్ ఇండియా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"అక్కా, నీకేమైనా పిచ్చా? తాడు కోసం కాలు పోగొట్టుకుంటావా?"

"తాడు కోసం కాదు లా. సోమారం నెంబరు రానీ. అది అట్టుకెళ్ళి డాక్టరమ్మకి సూపిస్తాను. సక్కెరే నేదంటే యేళ్ళెందుకు కొయ్యాల? అదడుగుతాను."

"అది ఉపవాసం నెంబరు అక్కా. నిజం నెంబరు కాదు."

ఆవిడ నా వైపు తిరిగి చూసింది. ఆ చూపులో మొదటిసారి వేళాకోళం లేదు. "పెరుమాళ్ళ నెల్లో నాను అబద్దం ఆడను. నా రగతం అబద్దం ఆడతాదా?" అంది.

"మరి మిగతా నెలలు?"

"మిగతా నెల్లు మనిసి బతకొద్దేటి?"

నేను హారన్ కొట్టాను. ముందు కారు కదలదని తెలిసీ కొట్టాను.

ఆ తర్వాత నేను చెయ్యని ప్రయత్నం లేదు. కూతురితో చెప్పించాను. ఆ పిల్ల ఏడ్చింది, అక్క దాన్ని ఓదార్చి పంపింది. గుడికి వెళ్ళి పూజారిగారిని బతిమాలి తీసుకొచ్చాను. ఒంట్లో బాగాలేనివాళ్ళకు ఉపవాసం నియమం లేదమ్మా, దేవుడే వద్దంటాడు అని ఆయన చెప్పాడు. అక్క ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి, పళ్ళిచ్చి సాగనంపి, "అయ్యోరికి ఆటలేటి తెలుసు?" అంది. పనిలోకి రాకుండా ఆపితే ఇంట్లో పడుకుంటుందేమోనని సిక్ లీవు పెట్టించాను. సిక్ లీవులో ఉండి ఆవిడ చేసిన పని ఏమిటంటే, సాయంత్రం తినే ఆ ఒక్క పూటా మానేసింది. నెంబరు ఇంకా బాగా రావాలని. ఆ సంగతి కూతురు తర్వాత చెప్పింది. ఎంత పట్టుకు లాగినా నా వైపు అంగుళం రాలేదు. నిలబడటంలో ఆవిడను మించినవాళ్ళు లేరు.

సోమవారం వచ్చింది. సిక్ లీవు రద్దు చేసుకుని అందరికన్నా ముందు వచ్చి క్లినిక్ టెంటు ముందు నిలబడింది. అంత ఎండలో చలికోటు వేసుకుంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అయినా జడపిన్ను పళ్ళ మధ్య పెట్టుకుని ముడి బిగిస్తూ, "పొడు మిస్సీ," అని చెయ్యి చాచింది.

మిస్సీ పొడిచింది. రక్తపు చుక్క మిషన్‌కు అంటించింది. ఆ మిషన్‌ను నా వైపు తిప్పింది. అందులో అంకె కూడా లేదు. కొలవగలిగినంత దాటిపోతే అది అంకె చూపదు, ఎక్కువ అని ఒక్క ముక్క చూపించి ఊరుకుంటుంది. ఒంట్లో చీము పట్టాక ఉపవాసానికీ చక్కెరకూ సంబంధం ఉండదని మిస్సీకి తెలుసు. నాకూ కొంత తెలుసు. ఆవిడకు తెలియదు.

"మిషన్ సెడిపోయింది," అంది అక్క.

మిస్సీ రెండో మిషన్ తీసింది. చూపుడు వేలు కాకుండా మధ్య వేలు చాచింది అక్క. "ఆ యేలు మొద్దు లా. ఇరవయ్యేళ్ళు స్క్రూలు బిగించిన యేలు. ఇది సూడు." అదే వచ్చింది. ఉంగరం వేలు చాచింది. మిస్సీ నా వైపు చూసింది, పొడవమంటారా అన్నట్టు. నేను తల ఆడించాను, ఎటు ఆడించానో నాకే తెలియదు. మిస్సీ పొడిచింది. అదే. అప్పుడు అక్క ఎడం చెయ్యి చాచింది. "ఇది సూడనేదు కదా. ఇది పని సెయ్యని సెయ్యి. ఇందులో బాగుంటాది." మిస్సీ ఆ చెయ్యి తీసుకుంది గానీ పొడవలేదు. తన రెండు చేతుల మధ్య పెట్టుకుని మూసేసింది. మిస్సీ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

అక్క ఆ చేతులకేసి చూసి, తర్వాత నాకేసి చూసింది.

"పెరుమాళ్ళకి నా మీద ఏటి కోపం సెల్లీ?"

కోపం లేదని చెప్పడానికి నేనెవరిని? ఇది దేవుడి లెక్క కాదు, ఒంటి లెక్క అని ఎన్నిసార్లు చెప్పినదాన్ని, ఆ ఒక్కసారి చెప్పలేకపోయాను. చెప్పి ఉన్నా ఏమీ మారేది కాదు. అంతమంది ముందు నిలబడి, నా జీవితంలో అంత చేతకానిదాన్నని ఎప్పుడూ అనిపించలేదు.

కంపెనీ వ్యాను వచ్చేలోపు ఆవిడను టెంటులో కుర్చీలో కూర్చోబెట్టాం. ఫ్యాక్టరీలో నేను చూడగా ఆవిడ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. అక్కడి నుంచే తాడు పోటీ చూస్తానంది. ఒళ్ళు కాలిపోతోంది. పిల్లలు తాడు పట్టుకున్నారు, చివర ఎవరో పొడుగాటి నేపాల్ కుర్రాడు నిలబడ్డాడు. నేను ఈల ఊదాను. అక్క కుర్చీ చేతులు పట్టుకుని "ఐలేసా!" అంది. టెంటు దాటి వినపడలేదు. మావాళ్ళు గీత అవతలికి కొట్టుకుపోయారు. అంతలో వ్యాను వచ్చింది, ఎక్కించాం.

మర్నాడు ఆపరేషన్ చేశారు. వేళ్ళతో ఆగలేదు. మోకాలి కింద దాకా తీసేశారు. తర్వాత దాదాపు ఏడాది ఇంట్లో బతికింది, కిడ్నీలు కూడా పాడై వారానికి మూడు రోజులు డయాలిసిస్‌కు వెళ్తూ. అప్పుడూ చాలాసార్లు వెళ్ళాను. కానీ ఫోన్ పెట్టేసినప్పటి నుంచీ నాకు ఆ ఇంటి సంగతులు గుర్తు రావడం లేదు. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకు ఆసుపత్రిలో గడిచిన ఒక మధ్యాహ్నమే గుర్తొస్తోంది.

విజిటర్ల వేళకు వెళ్ళాను. కూతురు నన్ను కూర్చోబెట్టి కిందికి అన్నం తినడానికి వెళ్ళింది. అక్క పడుకుని ఉంది. జడ ముడి లేదు, జుట్టంతా దిండు మీద పరుచుకుని ఉంది. నేను ఏం మాట్లాడాలో తెలియక ఫ్యాక్టరీ కబుర్లు మొదలుపెట్టాను. కాసేపు విని చెయ్యెత్తి ఆపింది.

"కాలు సలుపుతంది సెల్లీ."

"ఏ కాలు అక్కా?"

"ఆ కాలే. సిటికినేలు కాడ. స్క్రూ తిప్పినట్టు తిప్పుతంది."

నేను దుప్పటి వైపు చూశాను. ఆ పక్క మోకాలు దాటాక దుప్పటి పరుపుకు అంటుకుని చదునుగా ఉంది. అటుగా పోతున్న నర్సును కళ్ళతోనే అడిగాను. కొందరికి అలాగే ఉంటుంది, మందు ఇచ్చామంది.

"అక్కా," అన్నాను.

"తెల్సు లా. నేదని తెల్సు. సలుపుతంది మరి," అంది. చిన్నపిల్లలా అడిగింది. "ఒక్కసారి నొక్కవా?"

నేను మంచం చివరికి వెళ్ళాను. పాదం ఎక్కడ ఉండాలో అక్కడ పరుపు మీద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కాను.

"అక్కడ కాదు. ఇంకాస్త బయటికి."

చెయ్యి జరిపాను.

"ఆఁ, అక్కడే. గట్టిగా నొక్కు."

గట్టిగా నొక్కాను. ఆవిడ మొహంలో బిగువు కొంచెం కొంచెంగా వదిలింది. కళ్ళు మూసుకుంది. నిద్రపట్టినట్టే ఉంది, ఊపిరి కుదురుగా ఆడుతోంది. చెయ్యి తీస్తే మళ్ళీ సలుపుతుందేమోనని కూతురు వచ్చేదాకా ఆ ఖాళీ పరుపును అలా నొక్కుతూనే కూర్చున్నాను.